అంబర్‌పేట మురుగునీటిలో పోలియో

చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులు ముక్కు మూసికొని దాటెడు హుస్సేన్ సాగర్ నాలా, తూర్పున అంబర్‌పేట దిక్కునకు సాగి మూసీలో కలియుచున్నది. ఆ అంబర్‌పేటలోని మురుగుశుద్ధి కేంద్రమున 2016లో తీసిన నమూనాలో రెండవ రకపు పోలియో వైరస్ కానవచ్చెను. అప్పటికి భారతదేశము పోలియో రహితమని ధ్రువీకరింపబడి రెండేండ్లు దాటినది. సహజ పోలియో వైరస్ వలన కలిగిన కేసులలో 2011 జనవరిలో హౌరాలో కనిపించినదే దేశమున కడపటిది. నగరమున ఒక్క బిడ్డకైనను కాలు చచ్చుబడలేదు. అయినను వైద్యులు తొందరపడుటకు హేతువు ఈ వ్యాధి స్వభావముననే కలదు.

పోలియో వైరస్ నోటి ద్వారా ప్రవేశించి, ప్రేగులలో వృద్ధి పొంది, మలముతో వెలువడి, కలుషితమైన నీరు, ఆహారము, చేతుల మూలమున మఱొక బిడ్డను చేరును. సోకినవారిలో పెక్కుమందికి ఏ లక్షణమును ఉండదు; కొందఱికి జ్వరము, గొంతునొప్పి, తలనొప్పి, వాంతులు కలిగి కొలది దినములలో తగ్గిపోవును. సుమారు 200 మందిలో ఒక్కరికి మాత్రము వెన్నుపాములోని చాలక నాడీకణములు నశించుటచేత, నిన్నటిదాక పరుగెత్తిన బిడ్డకు కాలు పట్టు తప్పి వ్రేలాడును, స్పర్శజ్ఞానము చెడదు. శ్వాసకండరములకు కూడ పక్షవాతము ప్రాకినచో ప్రాణాపాయమే. కావున చచ్చుబడిన కాలొక్కటి మన కంటబడునప్పటికి, వందలమంది ఆరోగ్యవంతులైన బిడ్డలలో వైరస్ సంచరించియుండును. రోగుల కొఱకు ఎదురుచూచుటకన్న మురుగునీటిని శోధించుటయే మేలైన కాపలాయని నా దృఢవిశ్వాసము.

అంబర్‌పేటలో దొరికినది, చుక్కల మందులోని బలహీనపఱచిన వైరస్ నుండి పుట్టినది. చుక్కలు త్రాగిన బిడ్డ మలమున ఆ వైరస్ కొంతకాలము వెలువడుచుండును; టీకా అందని పిల్లలు పెక్కుమంది ఉన్నచోట అది ఒకరినుండి ఒకరికి వ్యాపించుచు, మార్పు చెందుచు, అరుదుగా మరల పక్షవాతము కలిగించు శక్తిని సంపాదించుకొనును. ఇది విని చుక్కలనే మానివేయుదమనుకొను తల్లిదండ్రులకు నా విన్నపము: వీధిలోని బిడ్డలందఱికిని రక్షణ ఉన్నచో ఆ వైరస్‌కు వ్యాపించు దారియే లేదు. 2016 ఏప్రిల్ 25న రెండవ రకపు వైరస్‌ను చుక్కలనుండి తొలగించిరి. అంబర్‌పేట నమూనాలో వైరస్ బయటపడగా, జూన్ 20 నుండి హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో సుమారు మూడు లక్షలమంది పసివారికి, నిర్జీవ వైరస్‌తో చేసిన టీకాను 0.1 మిల్లీలీటరు చొప్పున చర్మములోనికి ఎక్కించు కార్యక్రమమును నడపిరి.

సోకిన పిదప వైరస్‌ను చంపు ఔషధము నేటికిని లేదు. విశ్రాంతియు, అవసరమైనచో శ్వాసకు యంత్రసహాయమును, అనంతరము ఫిజియోథెరపీ, కాలిపర్లు, కొందఱికి శస్త్రచికిత్స: ఇంతే. పోలియో సోకియున్న కాలమున కండరములోనికి అనవసరపు సూదిమందు ఎక్కించినచో పక్షవాతము వచ్చు అవకాశము హెచ్చును. కాబట్టి ప్రతి జ్వరమునకును సూది వేయుమని డాక్టరును ఒత్తిడి చేయరాదు. పదునైదేండ్లలోపు బిడ్డకు కాలుగాని చేయిగాని హఠాత్తుగా మెత్తబడినచో, పోలియో పోయినదిగదా యని ఉపేక్షింపక వెంటనే ప్రభుత్వాసుపత్రికి తెలుపవలెను; అట్లు మెత్తబడిన పదునాలుగు దినములలోపుగా, ఇరువదినాలుగు గంటలైనను ఎడముంచి, రెండు మలనమూనాలు సేకరింపవలసియున్నది.