విశాఖ వానలో పెరుగుతున్న యాసిడ్.. చేపకు, చేనుకు ఏమవుతుంది?

విశాఖ వాన నీళ్లలో ఆమ్లత్వం పెరుగుతోంది. 1987-2021 మధ్య దేశంలో 10 చోట్ల వాన నీటిని పరీక్షించి వాతావరణ శాఖ, పుణె ఐఐటీఎం శాస్త్రవేత్తలు తేల్చిన మాట ఇది. మామూలు వాన పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది. అంతకంటే తగ్గితే యాసిడ్ వర్షమే. బొగ్గు, చమురు మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు మేఘాల్లో ఆమ్లాలవుతాయి.

ఒంటి మీద పడితే కాలుతుందా? అదేం లేదు. దెబ్బంతా మట్టికి, చెరువుకే. మట్టిలోని కాల్షియం కొట్టుకుపోతుంది. అల్యూమినియం కరిగి నీళ్లలోకి దిగి చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. చెరువు పీహెచ్ 5కి పడిపోతే చాలా రకాల చేపల గుడ్లు పిల్లలవ్వవు.

నేలలో సున్నం ఉంటే ఆమ్లం విరిగిపోతుంది. సంగం దాటి ఆత్మకూరు, ఉదయగిరి వైపు వెళ్తే కనిపించే ఎర్ర నేలల్లో ఆ సున్నమే తక్కువ. నేలటూరులో బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రం ఉన్నా, వాన నీటిని పరీక్షించిన ఆ 10 చోట్లలో నెల్లూరు జిల్లా లేదు.