చెట్టే గాదె

పిల్లలూ, మీరు వడ్రంగిపిట్టను చూచే ఉంటారు. టకటకమని మాను మీద ముక్కుతో పొడిచి, బెరడు కింద దాగిన చీమలనూ పురుగులనూ ఏరుకు తింటుంది. ఏ పూట దొరికింది ఆ పూటకే! అయితే దీని జ్ఞాతి ఒకటి అమెరికాలో ఉన్నది. అది చెట్టునే గాదెగా చేసుకుంటుంది.

కాలిఫోర్నియా రాష్ట్రంలో ఓక్ చెట్ల అడవులు ఉన్నాయి. ఓక్ కాయ ఇంచుమించు ఖర్జూరపు కాయంత ఉండి, తొడిమ దగ్గర టోపీ పెట్టినట్లుంటుంది. ఆకురాలు కాలంలో ఇవి పండగానే, నల్లని వీపు, ఎర్రని నెత్తి, తెల్లని కళ్లు గల ఈ పిట్టలు "వాకా, వాకా" అని అరుస్తూ పనిలోకి దిగుతాయి. శాస్త్రజ్ఞులు దీనికి లాటిన్‌లో "చీమలు తినేది" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు గాని, చలికాలమంతా దీన్ని బతికించేది ఓక్ కాయలే.

ఒక చిల్లుకు ఒకే కాయ! వదులుగా పెడితే ఉడతలూ ఇతర పక్షులూ ఎత్తుకుపోవూ? అందుకని పిట్ట సరిపోయే చిల్లు వెదికి, కాయను అందులో ఉంచి, మేకు దిగగొట్టినట్లు ముక్కుతో కొడుతుంది. అంతటితో పని తీరదు. ఎండినకొద్దీ కాయ కుంచించుకుపోయి వదులవుతుంది. అప్పుడు దాన్ని పెరికి, ఇంకా చిన్న చిల్లులోకి మార్చాలి. పప్పు తరిగినకొద్దీ మీ అమ్మ పెద్ద డబ్బాలోంచి చిన్న డబ్బాలోకి మార్చడం చూచారు గదా, అదే పద్ధతి.

పిట్టలూ పొరబడతాయి సుమా! అరిజోనాలో ఒక గుంపు ఒక చెక్క నీళ్లతొట్టెలో సుమారు 220 కిలోల కాయలు పోసింది. అలా లోపల పడిన కాయ ముక్కుకు అందుతుందా?

ఎండుకొమ్మలలోనూ మందపాటి బెరడులోనూ పొడుస్తాయి గనుక చెట్టుకు హాని లేదు. ఒక్క చెట్టులో 50,000 దాకా చిల్లులు ఉండవచ్చు. అది ఒక పిట్టా, ఒక తరమూ చేసే పని కాదు. తాతలు పొడిచిన చిల్లులనే మనుమలు వాడుకుంటూ, ఏటా మరికొన్ని చేరుస్తాయి.

ఈ సంగతులు ఊరకే తెలియలేదు. హేస్టింగ్స్ అనే పరిశోధన క్షేత్రంలో 1968లో మొదలుపెట్టి, దశాబ్దాల తరబడి పిట్టల కాళ్లకు రంగురంగుల కడియాలు తొడిగి, ఏది ఎవరి బిడ్డో గుర్తుపడుతూ కనిపెట్టి చూచారు. ఎదిగిన పిల్లలు వెంటనే ఇల్లు విడిచిపోవు. తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మేత పెడుతూ, గాదెకు కాపలా కాస్తూ కొన్నేళ్లు ఉండిపోతాయి. మంచి గాదె ఉన్న చోట పెద్దపిట్ట చనిపోతే, ఆ స్థానం కోసం ఇరుగుపొరుగు గుంపుల అన్నదమ్ములు జట్లు కట్టి రోజుల తరబడి పోట్లాడుకుంటారు!

కాపు బాగున్న ఏడు నిలవ వసంతం దాకా వస్తుంది, పిల్లలూ ఎక్కువగా బతుకుతాయి. కాపు తప్పిన ఏడు గాదె నడిచలికాలంలోనే ఖాళీ. గుంపు చోటు విడిచి వెళ్లవలసి వస్తుంది.

అంతకంటె పెద్ద ఆపద మరొకటి ఉన్నది. గాదెచెట్టు తరచు ఎండిన మానే అయి ఉంటుంది. ఏదో ఒక గాలివానకు అది కూలితే, తాతలనాటి చిల్లులన్నీ దానితోనే పోతాయి. పక్క చెట్టు మీద మొదటి చిల్లు మళ్లీ పొడవాలి.