దుర్గంధమును గూర్చిన యర్జీ

గడచిన వారమున నొక పట్టణమునుండి పదునొకండుగురు గృహస్థులు మా కార్యాలయమునకు వచ్చిరి. వారి వీధి వెంట నొక మురుగుకాలువ పాఱుచున్నది. పాఱుచున్నదనుట మాటవరుసకే, అది కదలక నిలిచి రెండు వేసవులు గడచినవి. పగలు కిటికీ తలుపులు తెఱచుటకు వీలులేదు. రాత్రి మూసికొన్న నుక్క, తెఱచిన కంపు. ఇంటిలోని వెండి కుంకుమభరిణలు తోమిన వారమునకే నల్లబడుచున్నవట. ఒక యింటికి పెండ్లిచూపులకై వచ్చినవారు ఫలహారము ముట్టకయే లేచిపోయిరట. ఈ సంగతి చెప్పునపు డా పెద్దమనిషి నవ్వెను గాని, ఆ నవ్వు చూచుటకు మాకు కష్టముగ నుండెను.

పదునాలుగు నెలలలో వారు మూడర్జీలు పెట్టుకొనిరి. మొదటిదానికి నిధులు లేవని బదులు వచ్చినది. రెండవదానికి, ఆ కాలువ పురపాలకసంఘమునది కాదు, నీటిపారుదలశాఖదని వచ్చినది. మూడవదానికి వ్రాతమూలకమైన ప్రత్యుత్తరమే లేదు; ఒక యుద్యోగి మాత్రము "కాలువ ముందు వచ్చినది, మీ యిండ్లు తరువాత వచ్చినవి. ఎఱిగి స్థలము కొన్నవారు ఇప్పుడు మొఱపెట్టుకొనుట యెందులకు?" అని నోటిమాటగా సెలవిచ్చెనట. మే మా పట్టణము పేరు వ్రాయుటలేదు. వ్రాసినచో తక్కిన పట్టణముల యధికారులు అది తమ యూరు కాదు గదా యని నిశ్చింతగ నుందురు.

ఈ మూడు సమాధానములును క్రొత్తవి కావు. మూటికిని మన దేశపు అత్యున్నత న్యాయస్థానము 1980వ సంవత్సరముననే బదులు చెప్పియున్నది. ఆ వ్యాజ్యెమును మన పట్టణవాసులు మఱచిరి. ఉద్యోగులు మఱచుట తమకు లాభకరము గనుక మఱచిరి. అందుచే దానిని కొంత విపులముగ జెప్పవలసియున్నది.

మధ్యప్రదేశమున మాళవ ప్రాంతమునందు రత్లాము అను పట్టణము గలదు. రైల్వే జంక్షనుగను, బంగారు వర్తకమునకును, కారపు సేవులకును అది పేరుగన్నది. ఆ యూరిలో న్యూ రోడ్డను వీధి, పండ్రెండవ వార్డు. ఒకవైపు ప్రక్కకాలువలు లేక మురుగు వీధినబడి మడుగులు కట్టుచుండెను. మఱియొకవైపు సమీపముననున్న ఆల్కహాలు కర్మాగారమునుండి దుర్వాసనగల ద్రవము బజారులోనికి ప్రవహించుచుండెను. చెరకు పండు జిల్లాలలోని మన పాఠకుల కీ వాసనను వర్ణింపనక్కఱలేదు. మొలాసిస్‌నుండి ఒక లీటరు ఆల్కహాలు తీయుటకు పది మొదలు పదునైదు లీటర్ల వఱకు వ్యర్థద్రవము మిగులును. దానిని శుద్ధిచేయక విడిచినచో ఊరంతయు దాని యునికి నెఱుగును. వీనికి తోడు చెంతనున్న గుడిసెలలోని బీదలకు మఱుగుదొడ్లు లేనందున వారును ఆ వీధిప్రక్కనే కూర్చుండవలసి వచ్చెను. దోమలు చెప్పనలవి కాకుండెను.

ఆ వార్డువారు ఏండ్లకొలది పురపాలకసంఘమును వేడికొని, విసిగి, తుదకు సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు నెదుట క్రిమినల్ ప్రొసీజరు కోడు 133వ సెక్షను క్రింద ఫిర్యాదు చేసిరి. ఈ సెక్షను ఆంగ్లేయుల కాలమునాటిది. 1898వ సంవత్సరపు స్మృతిలోను దాని సంఖ్య 133యే. ప్రజలకు బాధాకరమగు కంటకమును తొలగింపుమని ఆజ్ఞాపించు నధికారము నది మేజిస్ట్రేటునకిచ్చెను. పరాయి దొరతనమువారు వ్రాసికొన్న చట్టమును స్వతంత్రభారతమున నొక వీధివారు తమ దొరతనముమీదనే ప్రయోగించిరి. ఇందులో మాకు సంతోషము కలదు.

పురపాలకసంఘమువారు చేసిన వాదమును వినుడు. న్యూ రోడ్డువారు ఆ స్థలముయొక్క స్థితిని కన్నులార చూచి, తమ యిష్టముచొప్పున నచట ఇండ్లు కట్టుకొనిరి గనుక వారికి ఫిర్యాదు చేయుటకు హక్కు లేదట! మా కార్యాలయమునకు వచ్చిన గృహస్థులతో నొక యుద్యోగి యన్న మాటయు నిదియే గదా. మేజిస్ట్రేటు దానిని మన్నింపక, ఆఱు నెలలలో కంటకమును తొలగించుటకు పథకము సిద్ధపఱుపుమని యుత్తరువు చేసెను. సెషన్సు న్యాయస్థాన మా యుత్తరువును కొట్టివేసెను. హైకోర్టు మరల నిలిపెను. అంతట సంఘమువారు, డబ్బు లేదను మాటతో ఢిల్లీవఱకు పోయిరి. మురుగు తీయుటకు లేని ధనము వ్యాజ్యెమునకు లభించుట మన స్థానిక పరిపాలనలో క్రొత్త కాదు.

1980 జూలై 29వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. విన్నవారు న్యాయమూర్తులు వి. ఆర్. కృష్ణయ్యరును, ఓ. చిన్నపరెడ్డియు. కృష్ణయ్యరు 1957లో కేరళ మంత్రివర్గమున పనిచేసినవాడు. కచేరీలలో అర్జీలెట్లు నిద్రించునో లోపలినుండి చూచినవాడు. చిన్నపరెడ్డి మనవాడు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగ నుండినవాడు. వా రప్పీలును త్రోసివేసిరి. చట్టము విధించిన ప్రాథమిక ధర్మమును నిధులు లేవను సాకుతో విడువరాదనిరి. ధనము చాలకున్నచో తక్కువ యవసరమైన పద్దులను తగ్గించుకొని, రాష్ట్రప్రభుత్వమును అడుగుమనిరి. ఆల్కహాలు కర్మాగారపు ద్రవము వీధిలోనికి రాకుండ వెంటనే ఆపవలెను. ఆఱు నెలలలో స్త్రీలకు వేఱుగ, పురుషులకు వేఱుగ మఱుగుదొడ్లు కట్టి, నీరిచ్చి, ఉదయము సాయంకాలము శుభ్రము చేయింపవలెను. కాలువలు కట్టవలెను, గుంతలు పూడ్చవలెను. వచ్చిన పథకములలో నొకదానిని న్యాయస్థానమే యేర్పఱచి ఏడాది గడువు పెట్టెను. దాని యంచనా వ్యయ మెంత? 6 లక్షల రూపాయలు. ఇంత మొత్తమునకై ఒక పట్టణపు వీధివారు దేశమునందలి నాలుగు న్యాయపీఠముల మెట్లెక్కవలసివచ్చెను.

దుర్గంధము అధికారుల ముక్కునకు సోకనంతకాలము అది పరిపాలనాసమస్య కాదు. సోకిన దినమున అత్యవసరమగును. దీనికి మనలను ఏలిన ఆంగ్లేయుల రాజధానియే సాక్ష్యము. లండను నగరపు మురుగంతయు థేమ్సునదిలో కలియుచుండెను. 1855 జూలైలో మైకేల్ ఫారడే పడవలో పోవుచు తెల్లని కాగితపుముక్కలను తడిపి నీటవేయగా, అవి అంగుళమైన మునుగకమునుపే కంటికి కానరాకపోయినవని పత్రికకు వ్రాసెను. ఫలితము లేదు. అంతకు ముందే కలరాలు వచ్చి వేలకొలది బీదలు చచ్చియుండిరి. కాలువల నిర్మాణమునకు బజల్జెట్ అను నింజనీరు వేసిన పథకము లెక్కలలోను తగవులలోను చిక్కుకొని కదలకుండెను. 1858 జూనులో ఎండలు మెండైనవి. నది కంపు, దాని యొడ్డుననే యున్న పార్లమెంటు భవనములోనికి ప్రవేశించెను. సున్నపు క్లోరైడులో తడిపిన తెరలను కిటికీలకు కట్టిరి. అయినను సభ్యులు చేతిరుమాళ్లు ముక్కులకు అడ్డము పెట్టుకొని పాఱిపోయిరి. మసూదాశాసనము పదునెనిమిది దినములలో ఆమోదింపబడి ఆగస్టు 2వ తేదీన చట్టమైనది. వేలమంది చావు చేయలేని పని కొందఱు సభ్యుల ముక్కులు చేసెను.

మన యధికారులు చెప్పు మఱియొక సమాధాన మిటీవల పుట్టినది. గాలిని కొలిచి చూచితిమి, ప్రమాణములలోనే యున్నదందురు. ఇది సత్యమే కావచ్చును; కాని కొలిచినదేమి? 2009లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన గాలి ప్రమాణములలో పండ్రెండు పదార్థములు కలవు. ధూళియు, సీసమును, అమోనియాయు అందున్నవి. మురుగునుండి పుట్టి కుళ్లిన గ్రుడ్డు వాసనగొట్టు హైడ్రోజన్ సల్ఫైడు వానిలో లేదు. లేనిదానిని కొలువరు, కొలువనిది లేదందురు. మన ముక్కు ఈ యంత్రముకన్న గొప్పది. కోటి పాళ్ల గాలిలో ఒక్క పాలున్నను దీనిని పసిగట్టును. ఇంట వెండి నల్లబడుటయు దీని పనియే. అది యెవ్వరు కాదన్నను చెఱుగని సాక్ష్యము.

ఈ వాయువునకు వేఱొక గుణము గలదు. పదివేల పాళ్లలో ఒక పాలు చేరునప్పటికి ముక్కు మొద్దువాఱి వాసన తెలియకపోవును. అంతకు మించిన ప్రాణాపాయము. మురుగు గుంటలలోనికి దిగిన పనివాండ్రు ఒకరి వెంట నొకరు కూలిపోవుట కిది యొక ముఖ్యకారణము. చేతులతో మలమెత్తించుటయు, రక్షణసాధనములు లేక మనుష్యులను మురుగుకాలువలలో దింపుటయు నేరమని 2013లో చట్టము చేయబడినది. అయినను అట్టి చావుల వార్తలను పత్రికలు నేటికిని అచ్చువేయవలసివచ్చుచున్నది. కంపు నందఱికన్న దగ్గఱగ నెఱిగినవా రెన్నడును అర్జీ పెట్టుకొనలేదు.

ఇది చెప్పుటకు కారణము గలదు. మా యొద్దకు వచ్చినవారు తమ నాల్గవ యర్జీ ముసాయిదాను తెచ్చిరి. అందులో మొదటి కోరిక, కాలువ యెగువనున్న యిరువది ముప్పది గుడిసెలను లేవగొట్టవలయునని! కాలువ పూడికనుగూర్చిన ముక్క చివరనెక్కడనో యున్నది. మేము దాని కొప్పుకొనలేదు. గుడిసెలవారికి దొడ్లు లేకుండుట పురపాలకసంఘపు తప్పు గాని వారి తప్పు కాదు. రత్లాములో న్యాయమూర్తులు బీదలను వెడలగొట్టుమనలేదు. వారికి దొడ్లు కట్టుడనిరి. గాంధీమహాత్ముని యనుభవము మన పాఠకు లెఱుగనిది కాదు. 1896లో బొంబాయిలో మహామారి పుట్టినపుడు ఆయన రాజకోటలో పారిశుధ్యసంఘమున చేరి ఇంటింట దొడ్లు పరీక్షించెను. బీదలు అడ్డుచెప్పలేదు; పెద్దయింటివారిలో పలువురు లోనికి రానీయనేలేదు. చీకటిగ నుండి పురుగులతో కంపుగొట్టు దొడ్లు సంపన్నుల యిండ్లలోనే యుండెను. అంటరానివారని యూరు త్రోసిన వారి వాడకు పోగా, ఆ యిండ్లు తుడిచి అలికి శుభ్రముగ నుండుట చూచి ఆయన సంతోషించెను. ఆ వాడకు ఆయనతో వచ్చుటకు సంఘసభ్యులలో ఒక్కడే సిద్ధపడెనట.

ఇక చట్టము సంగతి. పాత స్మృతి పోయి 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. 133వ సెక్షను దానిలో 152వ సెక్షనైనది. సంఖ్య మాఱెను గాని సత్తువ పోలేదు. మన రెండు రాష్ట్రములలోను ఈ యధికారము జిల్లా కలెక్టరునకును, రెవిన్యూ డివిజనల్ అధికారికిని మేజిస్ట్రేటులుగ నున్నది. పోలీసు నివేదికయే యుండనక్కఱలేదు. ఇతరవిధముల తెలిసిన సమాచారముమీదను ఆయన చర్య గైకొనవచ్చును. ఆయన సక్రమముగ చేసిన యుత్తరువును సివిలు కోర్టులో ప్రశ్నింపరాదు. ఎదుటివారు వచ్చి వాదించినచో విచారణ తొంబది దినములలో ముగియవలయును. కారణములు వ్రాసినగాని నూటయిరువది దినములకు పెంచరాదు. గాలిని చెఱచినవానికి వేఱుగ శిక్షాస్మృతిలో జరిమానా గలదు. పూర్వ మది 500 రూపాయలకు మించరాదనిరి, ఇప్పుడు 1000 చేసిరి. దానిని నమ్ముకొని కూర్చుండుట వృథా.

కాలువ ఏ శాఖదను ప్రశ్నకు పౌరుడు బదులు వెదకనక్కఱలేదు. రెండు కచేరీలను ప్రతివాదులుగ చేర్చి, ఎవరిదో మేజిస్ట్రేటు నెదుట వారినే తేల్చుకొననిమ్మని మేము సలహా చెప్పితిమి. పాత యర్జీల రసీదులు, వచ్చిన ప్రత్యుత్తరములు, కాలువ ఛాయాచిత్రములు తేదీలతో, ఏ దినమున ఏ గంటకు కంపు హెచ్చినదో వ్రాసిన పట్టిక, నల్లబడిన వెండిగిన్నె యొకటి తీసికొనిపొండని చెప్పితిమి. గుడిసెల తొలగింపు మాట కొట్టివేసి, దాని స్థానమున వారికి దొడ్లును నీటికొళాయియు కావలయునని వ్రాసి, వారి సంతకములుగూడ తీసికొండంటిమి. దీనికి మాత్రము కొంత తర్కము జరిగినది. వారితో కలిసి యొకే కాగితముమీద సంతకము చేయుట యెట్లని ఒకరు సందేహించిరి. కంపు మీ యిరువురిని వేఱుచేసి చూచుచున్నదా యని వారిలోని పెద్దవారే ఆయన నడిగిరి.

నిన్న సాయంకాలము ఆ యర్జీ ప్రతి మాకు చేరినది. సోమవారమున దాఖలు చేయుదురట. దానిమీద ముప్పది యొకటి సంతకములును, పదునేడు వేలిముద్రలును ఉన్నవి.