కంది విత్తనం: అమ్మ బూడిద, అబ్బాయి లెక్క

కంది విత్తనం ఇంట్లోనే దాచుకునేవాళ్లు ఈ వీడియో తప్పకుండా చూడండి.

మా అమ్మ కందుల్ని బాగా ఎండబెట్టి, జల్లించిన బూడిద కలిపి కుండలో పోస్తుంది. పైన ఎండు వేపాకు వేసి, మూతికి పేడమట్టి మెత్తుతుంది. పురుగు పట్టదు. కానీ పోయినేడు ఆ విత్తనమే సగం మొలవలేదు, మళ్లీ విత్తేసరికి అదును దాటింది. తప్పు బూడిదది కాదు, కుండలో పాత కందులు కలిశాయి.

ఈసారి మా అబ్బాయి ముందే 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టాడు. "చూస్తే తెలీదా, లెక్కెందుకురా?" అంది అమ్మ. ఆరో రోజుకు 82 మొలిచాయి. కందికి 75 దాటితే ఫర్వాలేదు. కొంచెం తగ్గితే మోతాదు పెంచండి, మరీ తగ్గితే విత్తనమే మార్చండి.

అయితే వాడు ఆ చుట్టను ఎండలో పెట్టబోతే ఆపింది అమ్మే. నీడన ఉంచి, ఆరకుండా నీళ్లు చిలకరించమంది. దాచే గింజ ఎండిందో లేదో కూడా ఆమే నేర్పింది: పంటితో కొరికితే 'టక్'మని విరగాలి, మెత్తగా దిగితే ఇంకో ఎండ కావాలి. వాడికి రెండుసార్లకు గానీ పట్టుబడలేదు లెండి.

ఇప్పుడు కుండ మీద సుద్దముక్కతో ఏడాది రాస్తున్నాం.