కేబుల్ గుచ్చితే సరిపోదు: మెయిన్‌ఫ్రేమ్ లినక్స్ నెట్‌వర్క్‌పై అపోహలు – వాస్తవాలు

మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే లినక్స్ వేరే జాతిదనీ, దానికి నెట్‌వర్క్ కలపాలంటే కోబాల్, జేసీఎల్ కాలపు విద్యలన్నీ వచ్చి ఉండాలనీ చాలామంది ఐటీ ఉద్యోగులు నమ్ముతారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మెయిన్‌ఫ్రేమ్ పేరిట ఎక్కువగా నేర్పింది జెడ్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వైపు ప్రోగ్రామింగే కాబట్టి మనవాళ్లు అలా అనుకోవడంలో వింత లేదు. కానీ ఐబీఎం తన ఎస్390 యంత్రాల కోసం చేసిన లినక్స్ మార్పులను 1999 డిసెంబరులోనే బయటపెట్టింది. త్వరలోనే అవి ప్రధాన కెర్నల్‌లో కలిసిపోయాయి. ఈనాడు రెడ్‌హ్యాట్, సూసే, ఉబుంటు, డెబియన్ అన్నీ ఈ యంత్రాల మీద దొరుకుతాయి. ఐపీ అడ్రసు ఇవ్వడం, గేట్‌వే చెప్పడం, డీఎన్‌ఎస్ రాయడం మామూలు సర్వర్‌లో ఎలాగో ఇక్కడా అంతే. తేడా అంతా ఒక్క అంచెలో ఉంది. నెట్‌వర్క్ కార్డు లినక్స్ కంటికి కనబడే వరకు సాగే దారి అది. ఆ దారి తెలిస్తే భయం పోతుంది, తెలియకపోతే తప్పు లేని చోట వెతుకుతూ రోజులు గడుస్తాయి.

కార్డు ఉంది, కేబుల్ గుచ్చాం, ఇక లినక్స్ దానంతటదే పసిగడుతుందన్నది మొదటి అపోహ. మామూలు సర్వర్‌లో జరిగేది అదే. మెయిన్‌ఫ్రేమ్‌లో ఓఎస్‌ఏ అనే నెట్‌వర్క్ కార్డు మాత్రం డిస్కుల్లా, టేపుల్లా ఛానెల్ వ్యవస్థ గుండా వస్తుంది. ఒక్క నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌కు మూడు సబ్‌ఛానెళ్లు కావాలి: చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి, డేటాకు ఒకటి. వాటికి 0.0.0600, 0.0.0601, 0.0.0602 లాంటి నంబర్లు ఉంటాయి. చదివే దాని నంబరు సరి సంఖ్య కావాలి, రాసే దానిది దాని వెంటనే రావాలి. క్యూఈత్ అనే డ్రైవర్ ఈ మూడింటినీ ఒక గుంపుగా కట్టి ఆన్‌లైన్‌లోకి తెచ్చాకే ఈఎన్‌సీ600 అనే ఇంటర్‌ఫేస్ పుడుతుంది. పైగా పెద్ద యంత్రాల్లో పరికరాలు వేలల్లో ఉండొచ్చు. బూట్ సమయంలో అన్నింటినీ తడుముతూ కూర్చోకుండా కెర్నల్‌కు 'వీటిని పట్టించుకోకు' అని చెప్పే ఒక జాబితా ఉంటుంది. కార్డు ఆ జాబితాలో ఉంటే అది ఎదురుగా ఉన్నా లినక్స్‌కు లేనట్టే. సీహెచ్‌జెడ్‌డెవ్ కమాండు వాడితే జాబితా నుంచి తప్పించడం, గుంపు కట్టడం, రీబూట్ తర్వాతా నిలిచేలా రాసిపెట్టడం అన్నీ ఒక్క దెబ్బతో అవుతాయి. ఛానెల్ అన్నారు కాబట్టి ఇది నిదానమేమో అనే అనుమానం ఒకటుంది. మూడింటిలో మొదటి రెండు సబ్‌ఛానెళ్లు నియంత్రణ సందేశాలకే. అసలు ట్రాఫిక్ కార్డుకూ లినక్స్‌కూ మధ్య మెమరీలోని క్యూల ద్వారా నేరుగా నడుస్తుంది. రాకీ (RoCE) ఎక్స్‌ప్రెస్ అనే మరో రకం నెట్‌వర్క్ కార్డులు పీసీఐ పరికరాలుగానే కనిపిస్తాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, వాటికి సబ్‌ఛానెళ్ల గొడవ లేదు. అయినా యంత్రాన్ని పంచిన విభాగాల్లో ఏ కార్డు దేనికి చెందాలో కాన్ఫిగరేషన్‌లో ముందే రాసి ఉండాల్సిందే.

ఇంత సులువైతే నెట్‌వర్క్ కలపడానికి వారాలు ఎందుకు పడతాయన్నది న్యాయమైన ప్రశ్న. జవాబు మనుషుల మధ్య ఉంది. ఆ మూడు నంబర్లను ఈ విభాగానికి, అంటే ఎల్‌పార్‌కు, కేటాయించేది యంత్రం కాన్ఫిగరేషన్ చూసేవారు. లినక్స్ జెడ్‌వీఎం అనే హైపర్‌వైజర్ కింద అతిథిగా నడుస్తుంటే దాని డైరెక్టరీ ఎంట్రీలో వర్చువల్ కార్డు రాసి, వర్చువల్ స్విచ్‌లోకి అనుమతి ఇచ్చేది సిస్టమ్ ప్రోగ్రామర్. వీల్యాన్ నంబరును బయటి స్విచ్ పోర్టులో తెరిచేది నెట్‌వర్క్ బృందం. ముగ్గురిలో ఎవరు మరిచినా లక్షణం బయటపడేది లినక్స్ దగ్గరే. అందుకే నింద దాని మీద పడుతుంది. ఎల్‌ఎస్‌సీఎస్‌ఎస్ కమాండు కొట్టి చూస్తే సగం తగువు తీరుతుంది. పట్టించుకోని జాబితాలో లేకపోయినా మూడు నంబర్లు కనబడకపోతే పని ఇంకా లినక్స్ దాకా రాలేదన్నమాట. 2016లో జెడ్13 యంత్రాలకు వచ్చిన డైనమిక్ పార్టిషన్ మేనేజర్‌తో కార్డును మౌస్ క్లిక్కులతో అప్పగించొచ్చు. దాంతో శ్రమ తగ్గింది గానీ ఆ అంచె మాయమైపోలేదు. క్లిక్కుల వెనక ఉన్నది అవే నంబర్లు.

పాత గైడ్లను అక్షరం తప్పకుండా పాటించడం మరో బెడద. ఒకప్పుడు పోర్ట్‌నేమ్ ఇవ్వకపోతే, లేదా ఆ కార్డును పంచుకునే వాళ్లంతా ఒకే పేరు ఇవ్వకపోతే, కార్డు పలికేది కాదు. ఇప్పుడు దాని అవసరమే లేదు. అలాగే పాత రోజుల లేయర్ 3 పద్ధతిలో ఏఆర్‌పీ పని కార్డే చూసుకునేది, లినక్స్ మ్యాక్ అడ్రసు ఊసెత్తేది కాదు. ఆ పద్ధతిలో బ్రిడ్జ్ కట్టడం కుదరదు, డీహెచ్‌సీపీకి ప్రత్యేక సర్దుబాట్లు కావాలి. ఇవాళ లేయర్ 2 డిఫాల్ట్. కారణం చెప్పకుండా 'లేయర్2=0' అని రాయించే గైడు కనబడితే అనుమానించడమే మంచిది. దానికి కారణం అసలే ఉండదని మాత్రం అనలేం. సంప్రదాయ హైపర్‌సాకెట్స్ మీద జెడ్‌ఓఎస్‌తో మాట్లాడాలంటే లేయర్ 3 కావాల్సిందే.

హైపర్‌సాకెట్స్ పేరెత్తగానే 'కేబుల్ లేని నెట్‌వర్కా?' అంటారు. అవును, అదే. ఒకే యంత్రంలోని విభాగాలు ఫర్మ్‌వేర్ సాయంతో మెమరీ నుంచి మెమరీకి ప్యాకెట్లు పంపుకుంటాయి. తీగ గానీ, స్విచ్ గానీ, బయటి కార్డు గానీ ఉండవు. ఎంటీయూ 56 కిలోబైట్ల దాకా పెట్టుకోవచ్చు.

అపోహలన్నింటిలో ప్రమాదకరమైనది భద్రత గురించి. విభాగాలు వేరు కాబట్టి నెట్‌వర్క్ కూడా వేరేనని, ఏ ప్యాకెట్టయినా బయటి ఫైర్‌వాల్‌ను దాటే వెళ్తుందని అనుకుంటారు. విభాగాల మెమరీని మెయిన్‌ఫ్రేమ్ చాలా గట్టిగా వేరు చేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ రెండు విభాగాలు ఒకే ఓఎస్‌ఏ పోర్టును పంచుకుంటే వాటి మధ్య ట్రాఫిక్ కార్డు లోపలే మలుపు తిరుగుతుంది. ఒకే అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటుకు వెళ్లేవాణ్ణి గేటు దగ్గరి వాచ్‌మన్ చూడనట్టే, ఆ ప్యాకెట్లను బయటి ఫైర్‌వాల్ చూడదు. పరీక్షల సర్వర్‌నూ, ఖాతాదారుల వివరాలున్న సర్వర్‌నూ ఒకే పోర్టు మీద పెట్టేవారు ఇది ముందే తెలుసుకోవాలి. మందు క్యూఈత్‌లోనే ఉంది. ఐసొలేషన్ విలువను 'డ్రాప్' చేస్తే కార్డు లోపలి దారి మూసుకుపోతుంది. 'ఫార్వర్డ్' చేస్తే ప్యాకెట్లు పక్కనున్న స్విచ్ దాకా వెళ్లి తిరిగి రావాలి, అందుకు వచ్చిన పోర్టులోంచే వెనక్కి పంపే సదుపాయం ఆ స్విచ్‌కు ఉండాలి. డిఫాల్ట్ విలువ 'నన్', అంటే ఎవరూ ముట్టుకోకపోతే లోపలి దారి తెరిచే ఉంటుంది.