ఆరుబయటి దూలమునకు రక్ష: ఆస్కూ చరిత్రము

విజయవాడ వన్ టౌనులో, ఇంద్రకీలాద్రి పాదమునుండి కృష్ణ యొడ్డువఱకు నల్లుకొన్న యిఱుకు వీధులలో, పాతకాలపు పెంకుటిండ్లు కొన్ని యింకను నిలిచియున్నవి. వీధివైపున అరుగు, అరుగుమీద కంబములు, కంబములపై వసారా దూలము: ఇది వాని నిర్మాణక్రమము. ఇంటిలోపలి దూలము నీడపట్టున తరములపాటు చెక్కుచెదరక యుండగా, వసారా దూలము, అందును చూరు దాటి బయటికి పొడుచుకొనివచ్చిన దాని కొన, వైశాఖజ్యేష్ఠముల యెండకు బీటలువాఱి, శ్రావణభాద్రపదముల జడివానకు నాని, కొన్ని యేండ్లకే పుచ్చిపోవుచుండును. ఒకే మ్రాను, ఒకే వడ్రంగి చెక్కినది. అయినను ఆయుర్దాయమున నింత భేదము.

ఇందుకు కారణము కేవలము నీరు కాదు, నీటి నాశ్రయించి బ్రదుకు శిలీంధ్రములు. కఱ్ఱలోని తేమ దాని పొడిబరువులో నూటికి 20 పాళ్లకు లోబడియున్నంతకాలము వానికి మనుగడ లేదు. అంతకు మించి, ఆ తేమ నిలిచిన పక్షమున, అవి లోనికి వ్యాపించి కఱ్ఱనే ఆహారముగా గొనును. చెట్టుగా నున్ననాడు వేళ్లనుండి యాకులకు నీటిని మోసిన సూక్ష్మనాళములు దూలము పొడవున సాగియుండుటచే, కోసిన కొనలు ప్రక్కలకంటె అనేకరెట్లు వేగముగా తడిని పీల్చును. సూర్యకాంతిలోని అతినీలలోహితకిరణములు కఱ్ఱపోగులను బంధించు లిగ్నిన్ అను పదార్థమును ఛేదించును. వార్నీషు పారదర్శకము గనుక ఆ కిరణములు దానిని దాటి క్రిందిపొరను జెఱచును. అంతట వార్నీషు పట్టువదలి పొలుసులుగా రాలును. రంగు కిరణముల నాపును గాని, దాని పగులులో దూఱిన నీరు వెడలు దారి లేక లోననే నిలుచును.

మన పెద్దలు ఈ చిక్కును కఱ్ఱ నెన్నుకొనుటలోనే పరిష్కరించుకొనిరి. గోదావరి యడవుల టేకులో, చెదపురుగునకు సరిపడని ద్రవ్యములు చేవభాగమునందు స్వభావసిద్ధముగా నుండును. డెల్టాపల్లెలలో ముదురు తాటిమ్రాని చేవను దూలములుగా, వాసములుగా వాడిరి. కొనలకు తారు పూసిరి. కాని రైలుమార్గములు, తంతిస్తంభములు బయలుదేఱినపిమ్మట చేవగల కఱ్ఱ లోకమునకు చాలకపోయెను.

1832లో ఇంగ్లండున కయాన్ అనునాతడు పాదరసలవణములో కఱ్ఱను నానబెట్టు విధానమునకు పేటెంటు పొందెను. 1838లో బెథెల్ అనునాతడు ఇనుపతొట్టిలో కఱ్ఱ నుంచి, మూత బిగించి, ముందు గాలిని తోడివైచి, పిదప క్రియోసోటు తైలమును ఒత్తిడితో లోనికెక్కించు పద్ధతిని గనిపెట్టెను. పైపూత వెండ్రుకవాసి లోతునకు మించి దిగదు. ఈ ఒత్తిడి యంత్రమో, చేవ పట్టని తెల్లకఱ్ఱలో లోపలిదాక ఔషధమును చేర్చగలదు. కాని క్రియోసోటు దుర్గంధము, జిడ్డు. దానిపై రంగు నిలువదు. నీటిలో కరగు లవణములు శుభ్రములే గాని, లోనికి పోయిన త్రోవనే వానకు కరగి వెలికివచ్చును. కరగి లోనికి పోవలెను, పోయినపిమ్మట కరగరాదు: శాస్త్రజ్ఞుల కిది నూఱేండ్ల సమస్య యయ్యెను.

దీనిని విప్పినవారిలో ప్రముఖుడు శొంఠి కామేశము. తెలుగింటిపేరుగల యీ శాస్త్రజ్ఞుడు డెహ్రాడూను అటవీ పరిశోధనసంస్థలో పనిచేయుచు, రిచర్డ్ ఫాల్క్ అను జర్మన్ పండితునితో గలసి ఆర్సెనిక్, క్రోమియములతో నొక ద్రావణమును సిద్ధపఱచి, పిదప 1933లో దానికి రాగిని జోడించి ‘ఆస్కూ’ను సృజించెను. అందు రాగిలవణమగు మైలుతుత్తము శిలీంధ్రములను, ఆర్సెనిక్ చెదపురుగును, రాగికి లొంగని మొండి శిలీంధ్రములను గూడ హరించును. మూడవదైన క్రోమియపు లవణము, డైక్రోమేటు, చేయు పనియే కీలకము. కఱ్ఱలోని సేంద్రియపదార్థములను తాకినపుడు అది ఆమ్లజనిని వాని కర్పించి, తాను వేఱురూపము దాల్చి, రాగిని, ఆర్సెనిక్‌ను కఱ్ఱపోగులయందే కరగని సమ్మేళనములుగా బంధించును. వడికిన నూలునకు రంగు పట్టించు పటికవలె క్రోమియము విషమును దారువునకు పట్టించుచున్నది. ఎండిన కఱ్ఱ పచ్చనిచాయతో, వాసన లేక, రంగువేయుటకు యోగ్యమై యుండెను.

1938లో అమెరికా పేటెంటు లభించెను. అచ్చటి టెలిఫోను స్తంభములతో మొదలిడి ఈ ద్రావణము, సి.సి.ఏ. అను పేర, ఖండఖండములకు వ్యాపించి, యిండ్ల వసారాలకు, పిల్లల క్రీడాస్థలములకు గూడ చేరెను. పిదప దాని దోషము బయటపడెను. బంధించినను ఆర్సెనిక్ కొంత మెల్లగా మట్టిలోనికి దిగుచుండెను. తాకిన చేతులకును కొంత యంటుచుండెను. అమెరికాలో 2003 డిసెంబరు 31తో నివాసగృహముల వినియోగము నిలిచిపోయెను. రాగితో బోరానును జేర్చునవి, అమ్మోనియాసమ్మేళనములను జేర్చునవి నేడు ఆ స్థానము నాక్రమించినవి. శత్రువును జంపు విషమే గృహస్థునకు భయకారణ మగుట ఈ కథలోని విషాదము. అయినను కరగినదానిని కఱ్ఱలోనే కరగకుండ నిలిపినవారిలో కామేశము ప్రముఖుడు.

వన్ టౌనులోని గృహస్థుడు దీనినుండి గ్రహింపదగిన దేమి? ముందు నీటిని తప్పింపవలెను. దూలపు పైముఖమునకు, కొనకు రేకుతొడుగు వేసి, రేకునకు కఱ్ఱకు నడుమ వ్రేలుమందము గాలి యాడునట్లు వదలి, క్రిందియంచును వెలుపలికి వంచినచో బొట్టు దూరముగా జారును. మేకు పైముఖమున గొట్టరాదు, ప్రక్కలనే కొట్టవలెను. అడుగుభాగమును మూయరాదు. క్రొత్త దూలము కొనునప్పుడు ఐ.ఎస్. 401 ప్రమాణము ననుసరించి ఒత్తిడిపై శుద్ధిచేసినదో కాదో అడుగవలెను. శుద్ధియైన కఱ్ఱను కోసిన కొత్తముఖమునకు మఱల ఔషధము పట్టింపవలెను. ఆ కోతపొడిని, ముక్కలను పొయ్యిలో గాల్చరాదు. రంగు, నూనె కడపటివి. నీరు నిలువని దూలమునకు విషముతో పనియే తక్కువ.