మీకు తెలుసా? త్రొక్కినను చావని గరిక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పొలముగట్లమీద, రైతుల పాదములును పశువుల గిట్టలును నిత్యము పడుచున్నను, ఎవ్వరును నాటకయే, ఎవ్వరును పోషింపకయే పచ్చగా నిలుచునది మన గరికయే. వినాయకపూజకు దూర్వాంకురములుగా కోసికొనెడి ఈ తృణమే దేశములోని పెక్కు క్రికెట్ మైదానములను గూడ కప్పియున్నది.

గట్టుపై నొక తీగను మెల్లగా నెత్తి చూడుడు: కణుపు కణుపునకు సన్నని తెల్లని వేళ్లు మట్టిని బిగబట్టి యుండును. నేలపై ప్రాకు తీగలే కాక, నేల లోపల వ్యాపించు కాండములును దీనికి కలవు గనుక, పైయాకు లెంత నలిగినను అడుగునుండి క్రొత్త చిగుళ్లు వెలువడును. నర్సరీలలో నమ్ము కొరియన్ గడ్డి దట్టమైనదే, గట్టిదే; కాని దాని పెరుగుదల మందము, అందుచే ఒకమాఱు బాట పడిన చోట అది పూడుటకు చాలకాలము పట్టును. మండుటెండను ప్రీతితో సహించు గరికయో త్వరగా కోలుకొనును.

అయితే నీడ దానికి గిట్టదు. వేపచెట్టు క్రింద నడక సాగినచో బోడినేలయే మిగులును. తడిసిన నల్లరేగడిపై త్రొక్కుడు మఱింత హానికరము. మట్టి బిగిసి వేళ్లకు గాలి యందదు.

కావున బడి ఆటస్థలములలో తొలకరికి గరిక నాటుడు. వేళ్లు పట్టువఱకు పిల్లలను దానిపై ఆడనీయకుడు.